రవాణా మంత్రి గారికి చిత్తూరు బాడుగ బండోడి బహిరంగ లేఖ: మాకు ఫాస్ట్ చార్జర్ వద్దు సార్, ప్లగ్గు పెట్టించండి

గౌరవనీయులైన రవాణా శాఖ మంత్రి గారికి నమస్కారం.

నాది చిత్తూరు సార్. పదహారేండ్లుగా బాడుగ బండి తోల్తా ఉన్నా. ముందు డీజిల్ చిన్న ఏనుగు (టాటా ఏస్ బండి) ఉండేది, రెండేండ్ల కింద దాన్ని అమ్మేసి ఎలక్ట్రిక్ పికప్ తీసుకున్నా. కంపెనీ పేరు ఎందుకులెండి, బండి మీద నాకేం కంప్లైంట్ లేదు, ఇంకా చెప్పాలంటే మంచి బండే. క్లచ్ లేదు, గేర్లు లేవు, సాయంత్రానికి ఎడమ మోకాలు నొప్పి లేదు, దానికే మా ఇంట్లో ఆమె బండికి రెండుసార్లు దిష్టి తీసింది.

నా బాధ వేరే. ఎలక్ట్రిక్ బండ్ల గురించి మీటింగులు పెట్టేవాళ్లు, టీవీలో మాట్లాడేవాళ్లు ఎవురిని చూసినా రెండే మాటలు, ఒకసారి చార్జ్ చేస్తే ఎన్ని కిలోమీటర్లు పోతాది, హైవేలో ఎన్ని ఫాస్ట్ చార్జర్లు పెట్టినారు. మేము ఈ బండ్లను దినామూ ఎట్లా వాడతామో మమ్మల్ని అడిగినోడు ఒక్కడు లేడు. అడగకపోయినా చెప్తా, కొంచెం ఓపిగ్గా చదవండి.

రేంజ్ సంగతి ముందే తేల్చేస్తా. కాగితం మీద 150 పైన రాసినారు, నాకు లోడుతో 95 దాటిన రోజు లేదు. మోసం అనను, వాళ్లు టెస్టు చేసేది మా మాదిరి కాదు కదా. బండి కెపాసిటీ 600 కిలోలు, నేను ఏసేది (మీరు రవాణా మంత్రి కాబట్టి కొంచెం మెల్లగా చెప్తా) 750 అయితాది, ఒక్కోరోజు 800. ఏయకపోతే ఆ బాడుగ పక్క బండోడికి పోతాది. టమోటా క్రేట్లు 30 ఎక్కించినాక 24కే కెపాసిటీ అయిపోయింది ఆరు దించేయండన్నా అని మండీలో అనే ధైర్యం నాకు లేదు.

కానీ ఆ 95 కూడా నాకు ఎక్కువే సార్. మూడు నెలలు నోటుబుక్కులో రాసుకున్నా, పొద్దున మీటరు, రాత్రి మీటరు, మధ్యలో యాడ ఎంతసేపు నిలబడినానో. సగటున దినానికి 78 కిలోమీటర్లు వచ్చింది. వంద దాటింది మూడు నెలల్లో తొమ్మిదే రోజులు, అవన్నీ తిరుపతి పోయొచ్చినవే, పోనూ రానూ 140 అయితాది కాబట్టి మధ్యలో చార్జింగ్ లేకుంటే కుదరదు. ఇంగ బండి చక్రం తిరిగేది దినానికి గట్టిగా నాలుగు గంటలు, మిగతా టైమంతా యాడో ఒకచోట నిలబడే ఉంటాది. మండీ కాడ లోడు కోసం రెండు గంటలు, దించేటప్పుడు హమాలీలు టిఫినుకు పోతే ఇంకో గంట, బాడుగ లేనప్పుడు స్టాండులో వేపచెట్టు కింద. చిన్న బండ్ల బతుకే నిలబడేది సార్, పరిగెత్తేది లారీలు.

నిలబడేచోట ఒక 15 ఆంప్స్ ప్లగ్గు ఉందనుకోండి, గంటకు మూడు యూనిట్లు ఎక్కుతాది. రెండు గంటలకు ఆరు యూనిట్లు, అంటే లోడుతో కూడా ఇంకో పాతిక కిలోమీటర్లు పోవచ్చు, నాకు అంతే కావాల. దానికి లక్షలు పెట్టి మిషన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు ఏమొద్దు, మిక్సీలు బాగుచేసే పిల్లోడు కూడా బిగించేస్తాడు.

ఫాస్ట్ చార్జర్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, కార్లకు. హోటల్ ముందర పెడతారు, కారోళ్లు భోంచేసి వచ్చేలోపల నిండిపోతాది, బాగానే ఉంది. మేము టార్పాలిన్ కట్టిన బండి తీసుకొనిపోతే వాచ్‌మన్ చూసే చూపే వేరే. ఒకచోట బండి వెనక భాగం రోడ్డు మీదికి వస్తా ఉందని తీయమన్నారు, ఇంకోచోట వైరు మా బండి సాకెట్టు దాకా రాలేదు, తిప్పి పెడదామంటే స్థలం లేదు. అన్నీ కుదిరి పెట్టినా యూనిట్ 20 రూపాయల పైన పడింది నాకు. లెక్క చూడండి సార్. ఇంట్లో చార్జ్ చేస్తే కిలోమీటరుకు రెండు రూపాయల లోపల అయిపోతాది. ఆ ఫాస్ట్ చార్జర్లో అయితే ఐదు. నా పాత డీజిల్ బండికి మన రాష్ట్రం రేటు ప్రకారం ఆరు అయ్యేది, నరహరిపేట దాటి తమిళనాడు బంకులో కొట్టిస్తే దానికంటే తక్కువే (మా చిత్తూరోళ్లకు అది కొత్త విద్యేం కాదు, మీకూ తెలుసు). మరి నెలనెలా ఇంత కంతు కట్టుకుంటా ఎలక్ట్రిక్ తీసుకొని నేను ఏం మిగుల్చుకున్నట్టు?

ఇప్పుడు బంగారుపాళెం సంగతి చెప్పాల. మామిడికాయల సీజను, 2025, మీకు గుర్తుండే ఉంటాది, తోతాపురికి రేటు పడిపోయి ఫ్యాక్టరీ రేటుకు ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు కలిపిన సంవత్సరం. ట్రాక్టర్లు, పికప్పులు రోడ్డు పొడుగునా క్యూ. నేను ఒక రైతు కాయలు ఏసుకొని పల్ప్ ఫ్యాక్టరీ కాడికి పోయినా, సాయంత్రం నాలుగుకు క్యూలో నిలబడితే తెల్లారి అయిదున్నరకు గేటు లోపలికి పోయినా. పదమూడున్నర గంటలు సార్. బండిలో 22 శాతం ఉంది. అన్ని గంటల్లో నా బ్యాటరీ రెండుసార్లు నిండుతాది, ప్లగ్గు ఉంటే.

లేదు కాబట్టి రోడ్డు పక్కన టీ కొట్టు అక్కను అడిగినా. వంద రూపాయలు ఇస్తానంటే సరే నాయనా అనింది. వైరు లాగి పెట్టినా, పది నిమిషాలు బాగానే ఉంది, తర్వాత ఆమె ఫ్రిజ్ ఆగిపోయింది, లైటు పోయింది, గోడ మీద ప్లగ్గు కాడ ప్లాస్టిక్ కాలే వాసన. చెయ్యి పెడితే సుర్రుమనింది. ఎంసీబీ కాలిపోయి ఉంది. పాల ప్యాకెట్లన్నీ ఫ్రిజ్‌లో, బయట క్యూలో వందమంది డ్రైవర్లు టీ కోసం చూస్తా ఉన్నారు, ఆమె తిట్టలేదు, టార్చిలైటు పట్టుకొని ఒకటే మాట అడిగింది, "ఏం నాయనా, నీ బండి పాలు తాగే బిడ్డా, ఎనుముని కూడా తాగేస్తాదా?" అని. క్యూలో అంతా నవ్వినారు, నేనూ నవ్వినా, ఏం చేసేది. తెల్లారి కాయలు దించేసి 22 శాతంతోనే చిత్తూరుకు వచ్చినా, 30 స్పీడు కూడా దాటకుండా, ఖాళీ బండితో, వెనకాల లారీలు హారన్ల మోత మోగిస్తా ఉంటే.

అందరూ అడిగే ఇంకో మాట, ఘాట్ ఎక్కుతాదా అని. చిత్తూరుకు, పలమనేరుకు మధ్యలో ఉండే మొగిలి ఘాట్ గురించి భయపడేవాళ్లు ఎక్కువ మంది బండి లేనోళ్లే. పలమనేరు పైన ఉంది, చిత్తూరు కింద ఉంది. టమోటా యాడుంది? పైన. నేను ఎక్కేటప్పుడు బండి ఖాళీ, లేదంటే నాలుగు ఖాళీ క్రేట్లు. దిగేటప్పుడు లోడు. ఎలక్ట్రిక్ బండి దిగేటప్పుడు బ్రేకు తొక్కకుండానే మోటారే జనరేటర్ మాదిరి పనిచేసి బ్యాటరీకి కరెంటు పంపిస్తాది, రీజెన్ అంటారు. లోడు ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ వస్తాది. ఘాట్ పైన బ్యాటరీ 58 శాతం చూసుకొని దిగితే కింద 62 ఉంటాది ఒక్కోసారి. టమోటాలే నాకు కరెంటు తయారుచేసి ఇస్తాయి సార్! పలమనేరులో 100 నింపుకొని దిగితే మాత్రం ఏమీ రాదు, బ్యాటరీలో చోటు లేదు కదా, ఈ సంగతి నాకు షోరూములో ఎవురూ చెప్పలేదు, రెండు నెలలు బ్రేకు లైనర్లు అరగ్గొట్టుకొని నేనే తెలుసుకున్నా. అదే కింద నుంచి సిమెంటు మూటలు ఏసుకొని ఎక్కితే ఏడుపే, ఘాట్ ఒక్కదాంట్లోనే 20 శాతం పైన తినేసింది ఒకరోజు. కాబట్టి సిమెంటు బాడుగలు డీజిలోళ్లకు వదిలేసినా, వాళ్లూ బతకాల.

తిరుమల ఘాట్లో ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు 2022 నుంచి తిరగతా ఉన్నాయి. వాటికి చార్జింగ్ యాడ పెట్టినారు? డిపోలో, బస్సు నిలబడేచోట. ప్రభుత్వానికి ఈ లెక్క తెలవక కాదు సార్, మా బండ్లకు డిపో అంటే మార్కెట్ యార్డు, ఫ్యాక్టరీ గేటు, బాడుగ స్టాండు అని ఎవురికీ తట్టలేదు, అంతే.

మా అక్క కొడుకు టెక్సాస్‌లో ఉన్నాడు. వాడికాడ పికప్ అంటే సొంత కారు. ఫోర్డు వాళ్ల ఎఫ్-150 లైట్నింగ్ అని 2022లో వచ్చిన ఎలక్ట్రిక్ పికప్, వీడియో కాల్‌లో చూపించినాడు, ఇల్లంత ఉంది. దాంట్లో వాడు తీసుకొనిపోయేది ఏందిరా అంటే ఇద్దరు పిల్లోళ్లు, వారానికి సరుకులు, ఎప్పుడైనా రెండు చెక్కలు. వెనకాల బరువైన ట్రైలర్ తగిలిస్తే రేంజ్ సగానికి పడిపోతాదని, అందుకే తగిలించనని చెప్పినాడు! ఇంట్లో కరెంటు పోతే బండిలో నుంచి ఇంటికి కరెంటు ఇయ్యొచ్చంట. నాకు బండి నుంచి ఇంటికి కరెంటు వద్దురా, నా బండికి ఎవురైనా ఇస్తే చాలు అన్నా.

ఇంగ ఇల్లు. మాది బాడుగిల్లు. ఓనరు గారు మంచోరే, కానీ వరండాలో ప్లగ్గు అంటే భయం, ఇల్లు కాలిపోతాదని ఒకరోజు, కరెంటోళ్లు కమర్షియల్ బిల్లు ఏస్తారని ఇంకోరోజు. ఉన్న కరెంటు కనెక్షన్ మీదే ఇంట్లో బండి చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరి గైడ్‌లైన్స్‌లోనే రాసింది, నేను ఫోనులో చూపించినా. మా వీధికి వచ్చే కరెంటు ఆయనకు కూడా చూపించినా. ఆయన చదివి, ఇది ఢిల్లీది కదా అన్నాడు. దానికి నేనేం చెప్పాల. తెలుగులో ఒక పేజీ, ఇంట్లో చార్జింగుకు ఇది చేయొచ్చు, ఇది చేయకూడదు, వైరు ఇంత మందం ఉండాల, లోడు ఇంత పెంచుకోవాల అని కరెంటు ఆఫీసు గోడ మీద అంటించినా మాలాంటోళ్లు సగం గొడవలు తప్పించుకుంటాం.

పర్మిట్ కూడా అంతే. బ్యాటరీ బండ్లకు పర్మిట్ అక్కర్లేదని కేంద్రం 2018లోనే ఇచ్చింది. ఆకుపచ్చ ప్లేటు, పసుపు అక్షరాలు కనపడతానే ఉన్నాయి, అయినా ఒకచోట ఆపి పర్మిట్ ఏదీ అన్నారు. ఆ కాగితం లామినేషన్ చేయించి డ్యాష్‌బోర్డులో పెట్టుకున్నా, వెంకటేశ్వరస్వామి పటం పక్కనే.

సబ్సిడీ గురించి ఒక్కమాటే. పీఎం ఈ-డ్రైవ్ అని 2024 అక్టోబరులో 10,900 కోట్లతో మొదలుపెట్టినారు, దాంట్లో 3 చక్రాల గూడ్స్ ఆటోలను పెట్టినారు, 3.5 టన్నులు దాటిన లారీలకు గరిష్ఠంగా 9.6 లక్షల దాకా అన్నారు. మధ్యలో నాలుగు చక్రాల చిన్న గూడ్స్ బండి ఉంటాదని ఆ పట్టిక రాసినోళ్లకు గుర్తు రాలేదు. ఊర్లో కూరగాయలు, గ్యాస్ బండలు, పెండ్లి కుర్చీలు, ఇల్లు మారేవాళ్ల బీరువాలు అన్నీ మోసేది ఆ బండే సార్. మీరు కేంద్రానికి రాస్తారో, రాష్ట్రం నుంచి ఏమన్నా చూస్తారో, మీ ఇష్టం. నిజం చెప్తున్నా, డబ్బులిస్తామా ప్లగ్గులిస్తామా అని అడిగితే నేను ప్లగ్గులే అంటా.

ఇది మా శాఖ కాదు, మార్కెట్ యార్డు మార్కెటింగోళ్లది, కరెంటు విద్యుత్ శాఖది అంటారేమో. ఒప్పుకుంటా. కానీ బండి రిజిస్ట్రేషన్ మీకాడే కదా, యా ఊర్లో ఎన్ని ఆకుపచ్చ ప్లేట్ల గూడ్స్ బండ్లు ఉన్నాయో లెక్క మీకు తప్ప ఇంకెవురికీ తెలవదు. ఆ లెక్క తీసి ఆ ఇద్దరు మంత్రుల ముందర పెట్టండి. బంగారుపాళెం యార్డు, పలమనేరు టమోటా మార్కెట్, చిత్తూరు, తిరుపతి రైతు బజార్లు, ఈ నాలుగు చోట్ల ఒక్కోదాంట్లో పది ప్లగ్గులు, ఒక్కోదానికి ఒక మీటరు, పైన వాన పడకుండా ఒక రేకు, ఫోన్‌పేకి ఒక స్కానర్. సీజనులో పల్ప్ ఫ్యాక్టరీలకు కాయలు దించుకునే క్యూ కాడ ఐదన్నా పెట్టమని చెప్పండి, మేము ఊరికే అడగడంలా, యూనిట్‌కు పదో పన్నెండో కట్టేస్తాం. ముందు ఒక్క బంగారుపాళెంలో పెట్టి చూడండి, మళ్లీ కాయల సీజను వచ్చేలోపల.

ఆ టీ కొట్టు అక్కకు ఎంసీబీ, ప్లగ్గు, పాల ప్యాకెట్లు కలిపి 640 రూపాయలు నేనే ఇచ్చేసినా. అది మీరేమీ ఇయ్యక్కర్లేదు.

ఇట్లు,
చిత్తూరు నుంచి ఒక బాడుగ బండి ఓనర్ కం డ్రైవర్