హైదరాబాద్ రేడియోలో ఆ పాటలే ఎందుకు?

కేంద్ర సమాచార, ప్రసార శాఖ కార్యదర్శి గారికి,

నమస్కారం. హైదరాబాద్‌లో ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్లు చాలానే ఉన్నాయి. ఒకటి మార్చి ఇంకొకటి పెడితే మారేది ప్రకటన మాత్రమే. పాట మొన్న విడుదలైన సినిమాలోదే. పాత పాట కావాలంటే రాత్రి పొద్దుపోయే దాకా మేలుకోవాలి. ఖవ్వాలీ వినిపించే పాతబస్తీ ఉన్న ఊరిది. ఒగ్గుకథ, పద్యనాటకం, లలితగీతం, త్యాగరాజ కృతి, వీటిలో ఏదీ ఆ స్టేషన్లకు పనికిరాదా? ఆకాశవాణి ఒక్కటే ఈ బరువంతా మోస్తోంది, అదీ ఓపిక ఉన్నంతవరకు.

యజమానులను తిట్టి లాభం లేదు. 2011 నాటి ప్రైవేటు ఎఫ్‌ఎం విధానం ప్రకారం ఒక నగరంలోని చానళ్లలో 40 శాతానికి మించి ఒకే సంస్థ చేతిలో ఉండకూడదు. మంచిదే. కానీ ఆ నిబంధన యజమానులను లెక్కపెడుతుంది, సంగీతాన్ని కాదు. లైసెన్సు రుసుము స్టేషన్ ఆదాయంతోనూ, వేలంలో పలికిన ధరతోనూ ముడిపడి ఉంది. బుర్రకథ వినిపించినా, ఐటం పాట వినిపించినా కట్టాల్సింది ఒకటే. ఇక సాహసం ఎవరు చేస్తారు? జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో 2008 నుంచి గ్రామీణ మహిళలు సామాజిక రేడియో నడిపి చూపించారు. మహానగరానికి అంత తెగువ లేదు.

మా కోరిక చిన్నది. ఒకే సంస్థకు ఒకే నగరంలో రెండో చానల్ ఇచ్చేటప్పుడు, అందులో సినిమాయేతర సంగీతానికి పగటి వేళల్లోనే కొన్ని గంటలు కేటాయించాలని షరతు పెట్టండి. ఆ గంటల ఆదాయంపై రుసుము తగ్గించండి.

ఇట్లు,
హైదరాబాద్ శ్రోత