చివరి రైలు కన్నా ముందే టాయిలెట్‌కి తాళమా?

నగర రైలు సంస్థ ఉన్నతాధికారి గారికి,

నమస్కారం. రాత్రి పదకొండు దాటాక మీ స్టేషన్లలో లైట్లుంటాయి, గార్డులుంటారు, రైలూ ఉంటుంది. టాయిలెట్‌కి మాత్రం తాళం ఉంటుంది. తాళంచెవి ఏదంటే గార్డు లోపలి గదివైపు చెయ్యి చూపిస్తాడు. అక్కడివాళ్లు "క్లీనింగ్ వాళ్లు వెళ్లిపోయారండీ" అంటారు. ఈలోగా రైలు వెళ్లిపోతుంది. రైల్లో ఎలాగూ టాయిలెట్ ఉండదాయె. కొన్నిచోట్ల స్టేషన్ టాయిలెట్ టికెట్ గేటు అవతల ఉంటుంది. బయటికెళ్తే మళ్లీ టికెట్ కొనాలి.

షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, ప్రొస్టేట్ సమస్య ఉన్న పెద్దవాళ్లు ఎంతసేపని ఆపుకుంటారు? ఆడవాళ్లం చాలామందిమి సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేస్తాం. యూరిన్ ఇన్‌ఫెక్షన్లకు అదో దారి. మగవాళ్లు గోడచాటు చూసుకుంటారు (ఆ గోడ కడిగించే ఖర్చూ మీదే).

పారిశుద్ధ్యం మానవ హక్కని ఐక్యరాజ్యసమితి 2010లోనే తీర్మానించింది. అంత పెద్ద మాటలెందుకు గానీ, చివరి రైలు కదిలేదాకా స్టేషన్‌కి ఒక్క టాయిలెట్ తెరిచి ఉంచండి. ఎక్కడైనా మూయాల్సి వస్తే, ముందున్న ఏ స్టేషన్లో టాయిలెట్ తెరిచి ఉందో ప్లాట్‌ఫాం బోర్డు మీద వేయించండి. క్లీనింగ్‌కి రాత్రి షిఫ్టు పెట్టండి, వాళ్లకు తగిన జీతమూ ఇవ్వండి.

ఇట్లు,
రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చే ఒక ప్రయాణికురాలు