వాదనకు ముందు పత్తి చేను చూడండి

సంపాదకులకు,

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకం నుంచి జీవ పరిణామ పాఠం తీసేసిన వార్త ఎప్పుడు ప్రస్తావనకొచ్చినా మా విత్తనాల షాపులో ఒకటే ప్రశ్న: 'కోతి మనిషైతే ఇంకా కోతులెందుకున్నాయి?' పెదనాన్న పిల్లలు ఉండగా మనమెలా పుట్టామని ఎవరైనా అడుగుతారా? ఇప్పటి కోతులకీ మనకీ పూర్వీకులు ఒకరేననే డార్విన్ సిద్ధాంతం చెబుతుంది. ఒప్పుకోకపోతే మానండి, కానీ అది అనని మాటతో గొడవెందుకు?

ఆ పరిణామం మన పత్తి చేలోనే కనిపిస్తుంది. కాయతొలిచే పురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకునే బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. 2010కల్లా గుజరాత్‌లో దాన్ని తట్టుకునే గులాబీ రంగు పురుగు బయటపడింది. తర్వాత బీటీలో రెండో తరం రకమైన బీజీ-2కూ అదే గతి. 'పురుగు విషానికి అలవాటు పడింది' అంటారు రైతులు. ఏ పురుగూ అలవాటు పడలేదు. లక్షల్లో ఏ కొన్నింటికో ముందే జన్యువులో తేడా ఉంది. మిగతావి చచ్చాయి, ఇవి పిల్లల్ని పెట్టాయి. కొన్నేళ్లకు చేలన్నీ వాటి సంతానమే.

450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో 120 గ్రాముల నాన్ బీటీ విత్తనం ఇచ్చింది అందుకే. ఆ మొక్కల మీద బతికిన మామూలు పురుగులు మొండివాటితో జతకట్టి వాటి జోరు తగ్గించాలని. మనవాళ్లు చాలామంది దాన్ని గట్టు మీదే పారేశారు. చెప్పినవాళ్లూ తక్కువే లెండి.

మీ వ్యవసాయ పేజీలో పురుగుమందుల పేర్లతో పాటు ఈ సంగతీ వివరంగా రాయించండి.

– ఒక విత్తనాల డీలర్, జమ్మికుంట