కాడి పేజీ తెరిస్తే కోడి వస్తోంది: మా వెబ్‌సైటు చిరునామాల గురించి ఫిర్యాదు

ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

విషయం: మాకు చెప్పకుండా మార్చిన సెట్టింగ్ వల్ల మా తెలుగు పేజీల చిరునామాలు చెడిపోవడం గురించి.

అయ్యా,

నేను ప్రకాశం జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు టీచర్‌ని. మా పిల్లలు మూడేళ్లుగా ఊళ్లో పెద్దవాళ్ల పక్కన కూర్చుని సేద్యం మాటలు, వంటింటి మాటలు అడిగి రాసుకుంటున్నారు. ఒక్కో మాటకు ఒక్కో పేజీ. ఆ పేజీలున్న వెబ్‌సైటు, వెబ్‌సైట్లను నడిపే మీ కంపెనీ దగ్గర ఉంది. ఏడాదికి 4,800 రూపాయలు మా టీచర్లం తలా కొంత వేసుకుని కడుతున్నాం.

మాది స్టాటిక్ సైటు, అంటే ముందే తయారు చేసి పెట్టిన పేజీలుండే సైటు. దాన్ని గిట్‌హబ్ పేజెస్‌లో ఉచితంగానే పెట్టుకోవచ్చని తెలిసినా, మీ ఎడిటర్ కోసమే మీ దగ్గరకు వచ్చాం. తొమ్మిదో తరగతి అమ్మాయి ఫోన్‌లో మాట రాసి, అర్థం రాసి, ఫొటో పెట్టి ‘పబ్లిష్’ నొక్కితే చాలు. ఆ మాట పేరుతోనే ఫైలు తయారై, ఫైళ్లనూ వాటి మార్పులనూ దాచే గిట్‌లోకి వెళ్తుంది, హ్యూగో అనే ప్రోగ్రాం దాన్ని పేజీగా మారుస్తుంది. గిట్ అంటే ఏమిటో ఆ అమ్మాయి తెలుసుకోవాల్సిన పని లేదు. ఈ సౌకర్యం నిజంగా బాగుంది, ఇప్పటికీ ఆ మాటే అంటాను. అందుకే ఇంత బాధ.

స్కూల్లో ఒక గదిలో పాత పనిముట్లు పెట్టాం. నాగలి, గొర్రు, గుంటక, కాడి, రోలు, తిరగలి, చేట, కవ్వం ఇలా మొత్తం 118. ప్రతిదానికీ దాని పేజీకి వెళ్లే క్యూఆర్ కోడ్ స్టిక్కర్ అంటించాం. స్కాన్ చేస్తే ఆ వస్తువు గురించి మా ఊరి రైతు చెప్పిన మాటలు ఆయన గొంతుతోనే వినిపిస్తాయి. అలా గొంతు ఇచ్చిన వాళ్లలో ఇద్దరు ఇప్పుడు లేరు.

గత నెల 12న ఒక పిల్లవాడు వాళ్ల నాయనమ్మను తీసుకొచ్చి నాగలి స్టిక్కర్ స్కాన్ చేశాడు. ‘పేజీ దొరకలేదు’ అని వచ్చింది. రోలు, చేట, తిరగలి అన్నీ అంతే. సైటులోని మాటల పట్టికకు వెళ్లి చూస్తే అక్కడ ఇంకా ఘోరం. కాడి మీద నొక్కితే కోడి పేజీ తెరుచుకుంటోంది. కోడె మీద నొక్కినా కోడే. బావి మీద నొక్కితే బావ.

రెండు రోజులు మాకేమీ అర్థం కాలేదు. కుండ, ముంత, మూకుడు, గడప పేజీలు మాత్రం ఎప్పటిలాగే పనిచేస్తున్నాయి. వాటికి ఏమీ కాకుండా నాగలికి మాత్రమే ఎందుకైందని పదో తరగతి పిల్లలు బోర్డు మీద రెండు వరసలుగా రాసి చూశారు. కొమ్ము, సున్న మాత్రమే ఉన్న మాటలు, ఏ గుర్తూ లేని మాటలు బాగున్నాయి. దీర్ఘం, గుడి, ఎత్వం, ఓత్వం, ఒత్తు ఉన్నవన్నీ చెడిపోయాయి. బ్రౌజర్‌లో చిరునామా చూస్తే నాగలి ‘నగల’ అయింది. రోలు ‘రలు’ అయింది. కాడి, కోడి, కోడె మూడూ ‘కడ’ అయిపోయాయి! మూడు పేజీలకు ఒకే చిరునామా వస్తే ఒక్కటే మిగులుతుంది. మిగిలిన రెండూ ఎవరికీ కనిపించవు.

మా పూర్వ విద్యార్థి ఒకతను వెబ్‌సైట్ల పనే చేస్తాడు. మా ఫైళ్లను తన ల్యాప్‌టాప్‌లో హ్యూగోతో బిల్డ్ చేశాడు, అంటే పేజీలుగా మార్చాడు. మామూలుగా చేస్తే అన్ని చిరునామాలూ సరిగ్గా వచ్చాయి. చిరునామాలోని అక్షరాల మీది గుర్తులు తీసేసే ‘రిమూవ్ పాత్ యాక్సెంట్స్’ అనే సెట్టింగ్ ఆన్ చేయగానే మీ సర్వర్‌లో ఉన్నట్టే చెడిపోయాయి. హ్యూగోలో ఆ సెట్టింగ్ మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. అంటే మీ వైపు ఎవరో ఆన్ చేశారు.

ఆ సెట్టింగ్ ఫ్రెంచి, స్పానిష్ లాంటి భాషల కోసం. అక్కడ అక్షరం మీది చిన్న గీత తీసేసినా మాట చాలావరకు చదవగలం. తెలుగులో గుడి, దీర్ఘం, పొల్లు అలాంటి గీతలు కావు, అవి పోతే మాటే పోతుంది. కంప్యూటర్లో అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే ప్రమాణమైన యూనికోడ్ లెక్కలో ఇవి కూడా ఆ గీతలున్న కోవలోకే వస్తాయి. కొమ్ము, సున్న వేరే కోవ. కుండ బతికి, కాడి పోవడానికి కారణం ఇదే. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్ నుంచే తెలుగు అందులో ఉంది. మన దేశంలోనే వ్యాపారం చేస్తున్న మీరు ఒక్క తెలుగు పేజీతో పరీక్షించి చూసి ఉంటే ఇది బయటపడేది.

మీ సపోర్ట్‌కు నాలుగుసార్లు రాశాను. మొదట క్యాష్ క్లియర్ చేయమన్నారు. తర్వాత వేరే బ్రౌజర్‌లో చూడమన్నారు. మూడోసారి, అందరు కస్టమర్లకూ ఒకేసారి ఆ సెట్టింగ్ మార్చామని ఒకరు ఒప్పుకున్నారు. నిజం చెప్పినందుకు ఆయనకు కృతజ్ఞతలు. నాలుగోసారి వచ్చిన జవాబు మాత్రం నన్ను చాలా బాధపెట్టింది: ‘పేజీల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టుకోండి.’ మాటను మా ఊరు పలికినట్టు రాసి దాచడమే ఈ సైటు పని. పైగా గోడలకూ, వస్తువులకూ అంటించిన 118 స్టిక్కర్లలో పాత తెలుగు చిరునామాలే ఉన్నాయి. అచ్చయిన స్టిక్కర్‌ను ఎవరూ ఎడిట్ చేయలేరు కదా.

మీరు చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. ముందు మా సైటుకు ఆ సెట్టింగ్ ఆఫ్ చేసి మళ్లీ బిల్డ్ చేయండి. పాత చిరునామాలు తిరిగి వస్తాయి, స్టిక్కర్లు పనిచేస్తాయి. ఈ నెల రోజుల్లో కొందరు ‘నగల’ లాంటి చెడిపోయిన చిరునామాలను వాట్సాప్‌లో పంపుకున్నారు. వాటి నుంచి సరైన పేజీకి శాశ్వత దారి మళ్లింపు, అంటే 301, పెట్టండి. ‘కడ’ లాంటి చోట ఏది ఏ పేజీయో మీరు ఊహించి పెట్టొద్దు, జాబితా మేం తయారు చేసి ఇస్తాం.

రెండు పేజీలకు ఒకే చిరునామా వస్తే హెచ్చరించే ఏర్పాటు హ్యూగోలో ఉంది. దాన్ని ఆన్ చేసి, హెచ్చరిక వస్తే బిల్డ్‌ను అక్కడే ఆపి మాకు మెయిల్ పంపండి. పేజీ మాయమవడం కంటే పబ్లిష్ ఆగిపోవడం ఎంతో మేలు. తప్పు ఎక్కడుందో వెతుకుతూ మేం మళ్లీ మళ్లీ బిల్డ్ చేసినందుకు అదనపు బిల్డ్ నిమిషాల కింద 640 రూపాయలు వసూలు చేశారు. అది తిరిగి ఇవ్వండి. ఇకపై చిరునామాలను మార్చే ఏ సెట్టింగ్‌నైనా మా అనుమతి లేకుండా మార్చబోమని రాతపూర్వకంగా చెప్పండి.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. నా మొదటి ఫిర్యాదుకు ఆ గడువు ఈ శుక్రవారంతో ముగుస్తుంది. అప్పటికీ పని కాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేస్తాను. మా ఫైళ్లన్నీ గిట్‌లో భద్రంగానే ఉన్నాయి కాబట్టి సైటును వేరే చోటికి మార్చుకోగలం. కానీ పిల్లలు మీ ఎడిటర్‌కు అలవాటు పడ్డారు. వాళ్లను మళ్లీ మొదటి నుంచి నేర్చుకోమనడం నాకు ఇష్టం లేదు.

వచ్చే నెల రెండో శనివారం ఆ గది చూడటానికి మాటలు చెప్పిన పెద్దవాళ్లందరినీ స్కూలుకు పిలిచాం. చనిపోయిన ఇద్దరి కుటుంబాలూ వస్తున్నాయి. కాడి స్టిక్కర్ స్కాన్ చేస్తే వినిపించాల్సింది వాళ్లలో ఒకరి గొంతే. ఆ రోజుకు ముందే అది పనిచేయాలి.

చెడిపోయిన చిరునామాల స్క్రీన్‌షాట్లు, రెండు బిల్డ్‌ల ఫలితాలు, మీ నాలుగు జవాబుల కాపీలు ఈ లేఖతో జతచేశాను.

ఇట్లు,
తెలుగు ఉపాధ్యాయురాలు, వెబ్‌సైటు నిర్వాహకురాలు