కాలనీ సంక్షేమ సంఘం, తిరుపతి – వార్షిక నివేదిక, 2025–26

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది కాలువల్లో పూడిక రెండుసార్లు తీయించాం. వినాయక చవితి ఎప్పటిలాగే బాగా జరిగింది. జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు. మిగతా సమయమంతా బస్సు కోసమే పోయింది కాబట్టి ఆ సంగతే వివరంగా రాస్తున్నాను.

2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్. ఆ నెల సమావేశంలో మన కాలనీ ఆడవాళ్లు ఒకటే అడిగారు: "టికెట్ ఫ్రీనే, మాకు కావాల్సిన టైముకు బస్సేదీ?" రుయా, స్విమ్స్ ఆసుపత్రుల్లో ఉదయం డ్యూటీ వాళ్లు, ఓపీ చీటీ కోసం పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు ఇప్పటికీ షేర్ ఆటోకే డబ్బు పెడుతున్నారు.

అర్జీ పెట్టే ముందు లెక్క రాద్దామనుకున్నాం. వారం రోజులు ఇద్దరిద్దరు చొప్పున, ఉదయం ఐదున్నర నుంచి తొమ్మిది దాకా, మెయిన్ రోడ్డు మలుపు దగ్గర నోట్‌బుక్ పట్టుకుని నిలబడ్డారు. ఎవరు వచ్చారు, ఎక్కడికి వెళ్లాలి, చివరికి ఏమెక్కారు అన్నీ రాశారు. చలిలో నిలబడ్డ ఇంటర్ పిల్లలకు సంఘం తరఫున కృతజ్ఞతలు. లెక్క చూశాక మా అభిప్రాయమే మారింది. బస్సులు చాలవనుకున్నాం. నిజానికి డ్యూటీ వాళ్లు వెళ్లిపోయిన కాసేపటికి మొదటి బస్సు వస్తోంది. అందుకే కొత్త బస్సు అడగలేదు, ఉన్న ట్రిప్పును అరగంట ముందుకు జరపమన్నాం.

ఎవరిని అడగాలన్నదే చిక్కు. బస్సు, దాని టైము ఆర్టీసీవి. రోడ్డు, లైటు నగరపాలక సంస్థవి. ఆటోలు ఎక్కడ నిలవాలో చూసేది ట్రాఫిక్ పోలీసులు, వాటి పర్మిట్లు రవాణా శాఖవి. ఊరి చివర లేఅవుట్లు తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) చూస్తుంది. యాత్రికుల ఉచిత బస్సులు టీటీడీవి. మా అర్జీ ఒక ఆఫీసులో మొదలై, మూడు చోట్లు తిరిగి, మళ్లీ మొదటి ఆఫీసుకే వచ్చింది. ఎవరినీ తప్పుపట్టను. ఎవరి పరిధిలో వాళ్లు సరిగ్గానే జవాబిచ్చారు. అన్నీ కలిపి చూసేవాళ్లే మాకు కనబడలేదు.

ఈ చిక్కు మన ఊరిదే కాదు. పది లక్షలు దాటిన నగరాల్లో రవాణాకు ఒకే సమీకృత సంస్థ ఉండాలని 2006లోనే కేంద్ర పట్టణ రవాణా విధానం చెప్పింది. పక్కనున్న చెన్నైలో అలాంటి సంస్థ కోసం 2010లో చట్టం వచ్చింది. ఇప్పుడక్కడ బస్సు, లోకల్ రైలు, మెట్రో మూడింటికీ ఒకే యాప్‌లో టికెట్ దొరుకుతోంది. 2011 జనాభా లెక్కల్లో మన నగరం మూడు లక్షల లోపే. కానీ రోజూ వేలల్లో దిగే యాత్రికులను మనతో కలిపి చూడాలి కదా! ఆ లెక్కన తిరుపతికీ అలాంటి సంస్థ ఉండాలన్నది మా గట్టి అభిప్రాయం.

కలిసి చేయడం మనకు కొత్తేమీ కాదు. శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ టీటీడీ, నగరపాలక సంస్థ కలిసి ఖర్చు పెడితేనే లేచింది. 2022 సెప్టెంబరులో మొదలైన ఎలక్ట్రిక్ బస్సులూ అంతే. సబ్సిడీ కేంద్రానిది, బస్సూ డ్రైవరూ ప్రైవేటు కంపెనీవి, కిలోమీటరుకు ఇంత అని చెల్లించేది ఆర్టీసీ. ఆ 100 బస్సుల్లో 50 తిరుమలకే కేటాయించారు. కొండకు కుదిరిన ఏర్పాటు కింద ఊరికీ కుదరాలి.

అందుకని అర్జీలు ఆపి, అందరినీ స్టాపు దగ్గరికే పిలిచాం. జనవరిలో ఒక ఉదయం మూడు శాఖల వాళ్లు వచ్చారు, వాళ్లతో పాటు ఆటో స్టాండు వాళ్లూ నిలబడ్డారు. స్త్రీ శక్తి వచ్చాక బేరాలు తగ్గాయని ఆటోవాళ్లకు టెన్షన్. అక్టోబరులో ప్రభుత్వం ఇచ్చిన 15,000 రూపాయలు ఆసరాగా నిలిచినా రోజు గడవడం వేరే సంగతి. వాళ్లూ మన కాలనీ వాళ్లే. గంటన్నర మాట్లాడుకున్నాక ఆటోలు స్టాపుకు వెనక నిలపడానికి, లోపలి వీధుల నుంచి స్టాపు దాకా తక్కువ ఛార్జీకి తిప్పడానికి ఒప్పుకున్నారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు బస్సు కంటే ఈ ఆటోనే ఎక్కువ పనికొస్తోంది.

ఫిబ్రవరి నుంచి మొదటి ట్రిప్పు అరగంట ముందు వస్తోంది, ప్రస్తుతానికి ప్రయోగంగానే. స్టాపు దగ్గర లైటు వెలిగింది. షెల్టరు మాత్రం ఇంకా రాలేదు.

బస్సు నిండుతోందని చూపిస్తేనే ఈ టైము నిలుస్తుంది. జూన్‌లో స్కూళ్లు తెరిచాక మళ్లీ వారం లెక్క రాయాలి. నోట్‌బుక్ నా దగ్గరే ఉంది. ఉదయం ఐదున్నరకు రాగలిగినవాళ్లు ఈ సమావేశం ముగిసేలోపు పేరు ఇవ్వండి.

– కార్యదర్శి