ఫీజు కన్నా ముందు చూడాల్సినవి

సంపాదకులకు,

అమెరికా చదువుల మీద తెలుగులో వచ్చే సమాచారం ఎక్కువగా ఇంజినీరింగ్ చుట్టూనే తిరుగుతోంది. అక్కడ స్థిరపడిన మన కుటుంబాల్లో ఫ్యామిలీ అండ్ కన్జ్యూమర్ సైన్సెస్‌లో బ్యాచిలర్స్ చేయాలనుకునే పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు పనికొచ్చే నాలుగు మాటలు రాస్తున్నాం. మనం హోమ్ సైన్స్ అనే చదువు ఇదే. పోషకాహారం, పిల్లల ఎదుగుదల, కుటుంబ సంబంధాలు, వస్త్రాలు, గృహ నిర్వహణ, ఇంటి ఆర్థిక వ్యవహారాలు అన్నీ ఇందులోకే వస్తాయి.

ఈ కోర్సు ఎక్కడ చవక అన్నదే అందరి మొదటి ప్రశ్న. చదివాక ఏ ఉద్యోగం చేయాలి, దానికి ఈ డిగ్రీ ఒక్కటే చాలుతుందా అన్నది అంతకన్నా ముందు తేలాలి. అది తేలకుండా తక్కువ ఫీజు చూసి చేరితే, మిగిలిందనుకున్న డబ్బు తర్వాత అదనపు సెమిస్టర్లకు పోతుంది.

డైటీషియన్ ఉద్యోగాన్నే చూడండి. 2024 జనవరి 1 నుంచి రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష రాయాలంటే కనీసం మాస్టర్స్ ఉండాలి. బ్యాచిలర్స్‌తో సరిపోయిన రోజులు పోయాయి. కాబట్టి లెక్క వేయాల్సింది నాలుగేళ్లకు కాదు, మాస్టర్స్‌తోపాటు పర్యవేక్షణలో చేసే ప్రాక్టీసు కూడా కలిపి. పైగా బ్యాచిలర్స్‌లోని పోషకాహార విభాగానికి ఏసెండ్ (పోషకాహార కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే మాస్టర్స్‌కు వెళ్లేటప్పుడు అప్పుడు చదవని సబ్జెక్టులన్నీ విడిగా చదవాల్సి రావచ్చు. మిడిల్ స్కూల్లో, హైస్కూల్లో ఈ సబ్జెక్టు చెప్పాలనుకునేవారి దారి వేరు. వాళ్లకు కావాల్సింది టీచర్ లైసెన్సు, దాన్ని ఇచ్చేది రాష్ట్రం. టీచర్ ఎడ్యుకేషన్ లేని జనరల్ డిగ్రీ తీసుకుని, లైసెన్సు కోసం మరో ఏడాదో ఏడాదిన్నరో చదివేవాళ్లు తక్కువేం లేరు. కుటుంబ సేవా సంస్థల్లో పనిచేయాలనుకుంటే సర్టిఫైడ్ ఫ్యామిలీ లైఫ్ ఎడ్యుకేటర్ గుర్తింపు అక్కరకొస్తుంది. నేషనల్ కౌన్సిల్ ఆన్ ఫ్యామిలీ రిలేషన్స్ ఆమోదించిన కోర్సులో చదివితే ఆ దరఖాస్తు తేలిగ్గా అయిపోతుంది.

వెతికేటప్పుడు పేరు దగ్గరే చాలామంది బోల్తా పడతారు. ఈ రంగం వాళ్ల సంఘం 1909లో హోమ్ ఎకనామిక్స్ పేరుతో మొదలై, 1994లో ఫ్యామిలీ అండ్ కన్జ్యూమర్ సైన్సెస్ అనే ఇప్పటి పేరుకు మారింది. కాలేజీలన్నీ ఆ పేరుకు మారలేదు. ఒకచోట హ్యూమన్ సైన్సెస్, ఇంకోచోట హ్యూమన్ ఎకాలజీ, మరోచోట హ్యూమన్ డెవలప్‌మెంట్ అండ్ ఫ్యామిలీ స్టడీస్. అందుకే పేరుతో కాకుండా ఫెడరల్ కోర్సు కోడ్‌తో (సీఐపీ కోడ్) వెతకండి. ఈ రంగానికి కోడ్ 19, టీచర్ ఎడ్యుకేషన్ విభాగానికి 13.1308. పేర్ల వల్ల జాబితాలోకి రాని ప్రభుత్వ యూనివర్సిటీలు అప్పుడు కనిపిస్తాయి.

ఇక డబ్బు సంగతి. వెబ్‌సైట్‌లో కనిపించే ట్యూషన్ అంకె మీద ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. ఫెడరల్ సాయం తీసుకునే ప్రతి కాలేజీ గ్రాంట్లు పోగా మీకు పడే ఖర్చును అంచనా వేసే నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ పెట్టాలన్న నిబంధన 2011 నుంచి ఉంది. అందులో మీ ఇంటి ఆదాయం వేసి చూడండి. అయితే కాలేజీ నుంచి వచ్చే సాయం లేఖలో గ్రాంటు, అప్పు, క్యాంపస్ ఉద్యోగం మూడూ చాలాసార్లు ఒకే వరుసలో ఉంటాయి. అప్పును, ఇంకా సంపాదించని జీతాన్ని పక్కన పెట్టి, మొత్తం ఖర్చులోంచి గ్రాంట్లు, స్కాలర్‌షిప్‌లు మాత్రమే తీసేయండి. మిగిలిందే మీరు కట్టేది. తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటు 2025-26కి గరిష్ఠంగా 7,395 డాలర్లు. జీవితకాలంలో పన్నెండు పూర్తి సెమిస్టర్లకు మించి అది రాదు.

మీ రాష్ట్రంలో ఈ కోర్సే లేకపోతే నిరాశపడనక్కర్లేదు. దక్షిణాది రాష్ట్రాల మధ్య అకడమిక్ కామన్ మార్కెట్ అనే ఒప్పందం ఉంది. సొంత రాష్ట్రంలో దొరకని, ఆ జాబితాలో ఉన్న కోర్సును పొరుగు రాష్ట్రంలో స్థానిక ఫీజుకే (అక్కడివాళ్లకు ఉండే తక్కువ ఫీజు) చదవొచ్చు. చాలాచోట్ల కనిపించని ఇలాంటి కోర్సులకు అది అక్షరాలా సరిపోతుంది. ముందు ఆ కోర్సులో సీటు రావాలి, ఆ తర్వాత సొంత రాష్ట్రం నుంచి నివాస ధ్రువీకరణ తీసుకోవాలి. ఇది చేరకముందే పూర్తి చేసుకోవాలి. పశ్చిమ రాష్ట్రాల్లో ఇలాంటి ఏర్పాటు కింద స్థానిక ఫీజుకు ఒకటిన్నర రెట్లకు మించి తీసుకోరు.

కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి 60 క్రెడిట్లతో బదిలీ కావడం చవకైన దారే. కానీ దెబ్బ తగిలేది కూడా సరిగ్గా ఇక్కడే. క్రెడిట్ బదిలీ కావడం వేరు, డిగ్రీలో లెక్కకు రావడం వేరు. కమ్యూనిటీ కాలేజీలో కెమిస్ట్రీ రెండు మూడు రకాలుగా ఉంటుంది. సైన్సు చదవనివాళ్ల కోసం పెట్టిన తేలిక కోర్సు చూసి పిల్లలు అందులో చేరతారు. యూనివర్సిటీ దాన్ని తీసుకుంటుంది, కానీ ఎలక్టివ్ కింద పడేస్తుంది. పోషకాహార విభాగం అడిగేది ల్యాబ్‌తో కూడిన జనరల్ కెమిస్ట్రీ. అది అయితేనే ఆర్గానిక్, అది అయితేనే బయోకెమిస్ట్రీ, ఆ తర్వాతే పైస్థాయి న్యూట్రిషన్. మొదటి మెట్టు తప్పితే గొలుసంతా వెనక్కి జరుగుతుంది. లెక్క చూడండి: 60లో 12 క్రెడిట్లు ఇలా పక్కకు పోతే, డిగ్రీకి కావాల్సిన 120లో మిగిలిన 60కి బదులు 72 చదవాలి. సెమిస్టర్‌కు 15 చొప్పున నాలుగులో అయ్యేది అయిదుకు వెళ్తుంది. పైగా ఇవి చిన్న విభాగాలు కావడంతో పైస్థాయి కోర్సులు ఏడాదికి ఒక్కసారే, కొన్నిచోట్ల రెండేళ్లకు ఒకసారే పెడతారు. ఒక్కటి తప్పిపోతే ఏడాది ఆగాలి. అందుకే ఏ కోర్సు ఏ సెమిస్టర్‌లో పెడతారో చెప్పే నాలుగేళ్ల పట్టిక ముందే అడిగి తీసుకోండి. ఈ విభాగాన్ని మూసేసే, మరోదాంట్లో కలిపేసే ఆలోచన ఉందా అని కూడా అడగండి. అది అమర్యాద ఏమీ కాదు.

ఇంకో చిన్న లెక్క. డిగ్రీకి 120 క్రెడిట్లు. సెమిస్టర్‌కు 12 తీసుకున్నా ఫుల్‌టైమ్ విద్యార్థే, చాలా యూనివర్సిటీల్లో 12 నుంచి 18 దాకా ఫీజు ఒకటే. కానీ ఎనిమిది సెమిస్టర్లు 12 చొప్పున చదివితే 96 దగ్గరే ఆగుతారు. మిగతా 24కి మరో రెండు సెమిస్టర్ల ఫీజు, అద్దె.

ఆన్‌లైన్ డిగ్రీల్లో రెండు చిక్కులున్నాయి. మొదటిది లైసెన్సు. వేరే రాష్ట్రంలోని యూనివర్సిటీలో చదువుతుంటే, ఆ కోర్సు మీరుండే రాష్ట్రపు లైసెన్సుకు సరిపోతుందో లేదో వాళ్లు చెప్పి తీరాలి. ఫోన్లో చెప్పిన మాట నమ్ముకోకుండా రాతపూర్వకంగా తీసుకోండి. రెండోది వీసా. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లకు ఫుల్‌టైమ్ లెక్కలో సెమిస్టర్‌కు ఒక్క ఆన్‌లైన్ కోర్సు, అంటే మూడు క్రెడిట్లు మాత్రమే చెల్లుతాయి. కాబట్టి పూర్తి ఆన్‌లైన్ డిగ్రీ వాళ్లకు కుదరదు. తల్లిదండ్రుల ఉద్యోగ వీసా మీద ఆధారపడి హెచ్-4లో ఉన్న పిల్లలకు కొన్ని రాష్ట్రాలు స్థానిక ఫీజు ఇస్తాయి కానీ ఫెడరల్ సాయం రాదు. 21 నిండితే హెచ్-4 ఉండదు. ఎఫ్-1కి మారితే ఆన్‌లైన్ పరిమితి వాళ్లకూ వర్తిస్తుంది, స్థానిక ఫీజు హోదా కూడా పోవచ్చు. 21వ పుట్టినరోజు డిగ్రీ మధ్యలో వస్తుందేమో కాలేజీ ఎంచుకునే ముందే చూసుకోవాలి.

టీచర్ కాబోయేవాళ్లను ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే టీచ్ గ్రాంటు ఊరిస్తుంది. ఏడాదికి 4,000 డాలర్ల దాకా అంటారు, ఫెడరల్ బడ్జెట్ కోత పోగా చేతికొచ్చేది ఇంకొంచెం తక్కువ. చదువయ్యాక ఎనిమిదేళ్లలో నాలుగేళ్లు, పేద పిల్లలు ఎక్కువగా ఉన్న బడిలో, కొరత ఉన్న సబ్జెక్టు చెప్పాలి. షరతు తప్పితే అది అప్పుగా మారుతుంది, డబ్బు ఇచ్చిన రోజు నుంచి వడ్డీ లెక్కిస్తారు. ఏటా పంపాల్సిన ధ్రువపత్రం మరిచిపోకూడదు. ఈ సబ్జెక్టు మీ రాష్ట్రపు కొరత జాబితాలో ఉందో లేదో సంతకం పెట్టే ముందే చూడండి.

ప్రాక్టీస్ టీచింగ్ సెమిస్టర్‌కు విడిగా డబ్బు దాచుకోవాలి. రోజంతా బడిలోనే ఉండాలి, చాలాచోట్ల జీతం ఉండదు, పార్ట్‌టైమ్ ఉద్యోగానికి తీరిక దొరకదు. వేలిముద్రల తనిఖీ, లైసెన్సు పరీక్ష ఫీజు, బడికి రానూపోనూ పెట్రోలు కూడా ఆ నాలుగు నెలల్లోనే మీద పడతాయి.

చేరతామని డిపాజిట్ కట్టే ముందు విభాగపు సలహాదారుకు ఒక మెయిల్ రాయండి. పాత కోర్సుల సిలబస్‌లు జతచేసి, ఏది డిగ్రీలో ఏ అవసరం కింద లెక్కకు వస్తుందో కోర్సు పేరుతో సహా అడగండి. వచ్చిన జవాబును డిగ్రీ చేతికొచ్చేదాకా దాచుకోండి. సలహాదారులు మారుతుంటారు, ఆ మెయిల్ మీ దగ్గరే ఉంటుంది.

ఇట్లు,
ఈ రంగంలో పనిచేస్తున్న కొందరు అధ్యాపకులు, అమెరికా