మా అత్తగారి మోకాలు, మన బీఈడీ ఎలుకలు

ఏమే పద్దూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నా. మీ అమ్మకి, అదే ఆంటీకి, మోకాలి ఆపరేషన్ బానే అయింది, కుట్లు తీశారు, వాకర్‌తో బాత్‌రూమ్ దాకా వెళ్ళొస్తోంది, కానీ ఫిజియో చెప్పిన ఎక్సర్‌సైజులు మాత్రం చెయ్యదు, మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకునే ఉంటుంది, గట్టిగా అంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది, ఇదే కదా నీ గోల. ఫోన్‌లో చెప్పొచ్చు కానీ నువ్వు మధ్యలో దూరి మాట్లాడనివ్వవు, అందుకే రాస్తున్నా.

ముందు ఆ దిండు తీసెయ్యవే తల్లీ. హాయిగానే ఉంటుంది కానీ కాలు అలా వంగినట్టే బిగుసుకుపోతుంది, తర్వాత నిటారుగా చాపలేదు. పెడితే మడమ కింద పెట్టాలి, తువ్వాలు చుట్టచుట్టి. మా అత్తగారికి చేసినప్పుడు ఫిజియో అమ్మాయి రాగానే మొదట చేసిన పని దిండు లాగెయ్యడమే.

ఇక అసలు సంగతి. నువ్వు అరుస్తావ్, ఆ అరుపు ఆగడం కోసం ఆంటీ నాలుగుసార్లు కాలు వంచుతుంది, నువ్వు స్కూలుకెళ్ళగానే మానేస్తుంది. బీఈడీలో రాశాం కదే, రుణాత్మక పునర్బలనం అని, అంటే ఇబ్బంది ఆగుతుందని ఆ పని చెయ్యడం, సగం క్లాసు దాన్ని శిక్ష అని రాసి మార్కులు పోగొట్టుకున్నారు. దాంతో వచ్చిన చిక్కేంటంటే అరిచే మనిషి ఇంట్లో ఉన్నంతసేపే పని జరుగుతుంది. నువ్వేమైనా సెలవు పెట్టి కూర్చుంటావా?

ఇంకో సంగతి, "బాగా ఎక్సర్‌సైజ్ చెయ్యమ్మా" అంటే ఎవరు చేస్తారు, అదొక గోల్ అవుతుందా? 1975లో లేథమ్, బాల్డెస్ అని ఇద్దరు అమెరికాలో ఓక్లహోమా దుంగల లారీల మీద ఒక స్టడీ చేశారు. డ్రైవర్లని "మీకు చేతనైనంత లోడ్ చెయ్యండి" అన్నన్నాళ్ళూ చట్టం ఒప్పుకునే బరువులో 60 శాతం దగ్గరే ఆగిపోయేవాళ్ళు, 94 శాతం అని ఒక అంకె చెప్పాక కొన్ని నెలల్లో 90 దాటించేశారు, దానికి పైసా ఎక్కువ ఇచ్చింది లేదు. అంకె ఉండాలి, అది అందేలా ఉండాలి, ఎంతదాకా వచ్చామో కంటికి కనపడాలి.

మా ఇంట్లో అంకె పని చెయ్యలేదు అనుకో. ఫిజియో 90 డిగ్రీలు అంటుంటే మా అత్తగారు "నాకెందుకమ్మా డిగ్రీలు, నేనేమన్నా ఉద్యోగం చెయ్యాలా" అనేవారు. ఆవిడ బెంగల్లా ఎండాకాలం డాబా ఎక్కి వడియాలు పెట్టుకోలేనేమో అని, కిందటేడు నేను పెట్టినవి నూనెలో పొంగలేదట, ఇప్పటికీ చుట్టాలందరికీ చెప్తారు. సరే, గోల్ వడియాలే అన్నాం. డాబా ఎక్కాలంటే మెట్లెక్కాలి, మెట్లెక్కాలంటే మోకాలు ఇంచుమించు 90 డిగ్రీలు వంగాలి, దానికి ఈ వారం ఇంత అని వెనక్కి లెక్కేసుకుంటూ వచ్చాం. అప్పట్నుంచి డిగ్రీలు ఎంతొచ్చాయని ఆవిడే అడగడం మొదలెట్టారు!

నువ్వు తప్పకుండా చెయ్యాల్సింది సుద్దముక్క పని. టీచర్లం, ఇంట్లో సుద్దముక్కలకి కొదవా. కుర్చీలో కూర్చోబెట్టి పాదం నేల మీద ఆనించి మెల్లిగా కుర్చీ కిందకి లాక్కోమంటారు కదా, అలా లాగినప్పుడు బొటనవేలు ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ మావాడు గచ్చు మీద గీత గీసేవాడు. మర్నాడు ఆ గీత దాటితే ఇంకో గీత. "నాన్నమ్మా, రెండు వేళ్ళు ఎక్కువొచ్చింది" అని వాడు అరిస్తే ఆవిడ మొహం చూడాలి. శభాష్, వెరీ గుడ్ లాంటివి పొద్దస్తమానం అంటే చెవికెక్కవు, ఏది మెరుగైందో అప్పటికప్పుడే చెప్పాలి. కాలు బాగవడం నెలల మీద తెలిసే లాభం, పడుకుంటే వచ్చే సుఖం ఈ నిమిషంలోనే వస్తుంది, మరి ఎక్సర్‌సైజ్‌కి కూడా ఈ నిమిషంలో ఏదో ఒకటి దక్కకపోతే ఎవరైనా పడుకోడానికే చూస్తారు. స్వీటు మాత్రం పెట్టకు, ఆంటీకి షుగర్ కదా.

రెండోది సీరియల్. రాత్రి సీరియల్‌కి ముందు ఒక విడత అయిపోవాలి, అయ్యాకే రిమోట్. ఇది ప్రీమాక్ సూత్రం, అంటే పప్పన్నం తింటేనే బయటికి అనే మన అమ్మల సూత్రమే. కానీ పెద్దావిడ కదా, ఆవిణ్ణి అడిగి ఒప్పించుకునే పెట్టు, లేకపోతే కోడలు టీవీ కట్టేసిందని మా ఇంట్లో వచ్చినట్టే మీ ఇంట్లో కూతురి మీద మాటొస్తుంది. ఒప్పుకున్నాక మాత్రం బతిమాలినప్పుడల్లా వదిలెయ్యకు. ఒకసారి వదిలి ఇంకోసారి వదలకపోతే బతిమాలడం ఇంకా గట్టిపడుతుంది.

మనం బీఈడీలో చదివిన సైకాలజిస్ట్ స్కిన్నర్ గారి ఎలుకల కథ ఇదే కదా. ఒక శనివారం ఆయన దగ్గర ఎలుకలకి పెట్టే గుళికలు అయిపోవస్తున్నాయి, సోమవారం దాకా సరిపోవు, అవి కూడా చేత్తో తయారుచేసుకోవాల్సినవే, ఎవరు చేస్తారని ఎలుక మీట నొక్కినప్పుడల్లా కాకుండా నిమిషానికొకటే గుళిక పడేలా పెట్టేశాడు. చూస్తే ఎలుకలు మానకుండా మీట నొక్కుతూనే ఉన్నాయి. అలా అప్పుడప్పుడూ దొరికితే నేర్చుకున్నది తొందరగా పోదని తర్వాత తేలింది. అందుకని మొదట్లో ప్రతిసారీ మెచ్చుకో, అలవాటు పడ్డాక రోజు విడిచి రోజు, తర్వాత ఎప్పుడైనా. మావాడికి స్కూలు తెరిచాక గీతలు ఆగిపోయాయి, ఎక్సర్‌సైజ్ ఆగలేదు.

21 రోజులు చేస్తే అదే అలవాటైపోతుందని మీ పెద్దాడపడుచు చెప్పిందన్నావ్, ఆవిడ మాట పక్కన పెట్టు. లండన్‌లో లాలీ అనే ఆవిడా వాళ్ళ టీమూ 96 మందితో చేసిన స్టడీ 2010లో అచ్చయింది, అందులో మధ్యస్థం 66 రోజులు, కొందరికి 18 చాలు, కొందరికి 254 దాకా పడుతుందని లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినా కొంప మునగదట. కాబట్టి ఏకాదశి అనో నీరసంగా ఉందనో ఒకరోజు మానేస్తే సాధించకు, మర్నాడు మామూలుగా మొదలెట్టించు.

నొప్పి అంటే మాత్రం వేషాలు అని కొట్టిపారెయ్యకే. ఎక్సర్‌సైజ్‌కి ముందు ఐసు పెట్టాలా తర్వాతా, మాత్ర ఎప్పుడు వేసుకోవాలి అనేది ఫిజియోనే అడుగు. పిక్క వాచినా, నొప్పి పెట్టినా, జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర ఎర్రబడినా వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు. మెట్ల దగ్గరికొచ్చాక, ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. మా అత్తగారు దీన్ని పాటలా అనుకుంటూ ఎక్కేవారు.

అన్నట్టు ఆంటీకి ఏం కావాలో ఆంటీనే అడుగు. గుడికి వెళ్ళడమో, మీ తమ్ముడింటికి వెళ్ళడమో, నీ వంటింట్లోకొచ్చి నీ వంకాయ కూరకి వంకలు పెట్టడమో, ఏదైనా సరే అదే గోల్. తన పని తను చేసుకోవాలి అన్నది నీ గోల్, ఆవిడది కాదు.

ఈసారి ఫిజియో వచ్చాక ఎన్ని డిగ్రీలు వచ్చాయో రాయి. సీరియల్ టైమ్‌కి అన్నయ్యగారు న్యూస్ పెట్టకుండా చూసుకో, లేదంటే మన ప్లాన్ అంతా గంగపాలు.

నీ,
రాజీ